మైకుకు అతికించిన ఫ్లాపీలు

నలుగురు కూడబలుక్కుని చేయాల్సిన నష్టాన్ని నేనొక్కణ్ణే, అదీ తలస్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ చేసిన రోజు గురించి చెబుతాను. నవ్వండి, ఏమీ అనుకోను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. జనగామలో ఎవరింట్లో పాత కంప్యూటర్ మొరాయించినా నాకే కబురు. దాన్ని లేపడానికి బూట్ ఫ్లాపీ కావాలి. అరచేతిలో పట్టే ఆ పలకను లోపల పెడితే, అందులో ఉన్నది చదువుకుని కంప్యూటర్ మేలుకుంటుంది. అవి తయారుచేసి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ప్రసాదంలా పంచేవాణ్ణి. గర్వమా? ఉండేది, దాచను.

ఒకరోజు బచ్చన్నపేట నుంచి యాకూబ్ భాయ్ ఫోన్. పెళ్లికార్డులు అచ్చువేసే చిన్న దుకాణం ఆయనది.

"తమ్మీ, మస్తు పరేషాన్ల ఉన్న. శుక్రవారం నా బిడ్డ లగ్గం. కార్డు కంప్యూటర్ల ఉన్నది, అది లేస్తలేదు. ఊరందరికి కార్డులు కొట్టిన, నా బిడ్డకే కొట్టలేకపోతున్న!"

"ఫికర్ చెయ్యకు భాయ్, వస్తున్న" అన్నాను. ఒకటి చాలు కానీ, ముందుచూపుతో మూడు ఫ్లాపీలు చేశాను.

ఆరోజు బంద్. దొరికింది మైకు కట్టిన సమ్మన్న జీపు ఒక్కటే. దాన్నిండా మనుషులు, జెండాలు, డప్పులు. జేబులో పెడితే ఫ్లాపీలు విరుగుతాయి. ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే మైకు వెనక గుండ్రటి దిమ్మ కనిపించింది. ఫ్లాపీని దగ్గరికి తీసుకెళ్లానో లేదో, దాని రేకు టక్కున కరుచుకుంది. మూడూ అతికించేశాను.

"పడిపోతయేమో సార్" అన్నాడు సమ్మన్న.

"గుంజి చూడు, వస్తదా? గింత గట్టిగ ఏ డబ్బా పట్టుకుంటది?"

దారంతా గుంతలే. ఒక్కటీ కదల్లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

దుకాణంలో మొదటి ఫ్లాపీ పెట్టాను. కంప్యూటర్ గురగురమని ఊరుకుంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

"ఏమైంది తమ్మీ?"

"ఖాళీగున్నయి భాయ్. పొద్దుగాల మంచిగనే ఉండె."

"తొవ్వల ఏడ పెట్టినవ్?"

చెప్పాను. భాయ్ నెత్తి కొట్టుకున్నాడు.

"మైకు ఎనుక ఉండేది అయస్కాంతం గాదె! ఫ్లాపీల ఉన్నదంత తుడిచి పెడ్తది. ఇంతకు బళ్లె పిల్లలకు నువ్వు ఏం చెప్తవ్?"

"సైన్సు" అన్నాను.

ఆయన నవ్వబోయాడు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ జనగామ వెళ్లి ఫ్లాపీలు చేసుకొచ్చి, కార్డులు అచ్చేసి పంచేంత వ్యవధి లేదు; నాకు ప్రాణం పోయినంత పనైంది. గుమ్మంలో నిలబడ్డ సమ్మన్న మాత్రం, "కార్డెందుకు భాయ్, నేను లేనా?" అని జీపెక్కి మైకందుకున్నాడు.

"జై తెలంగాణ! శుక్రవారం యాకూబ్ భాయ్ బిడ్డ లగ్గం! ఇంటిల్లిపాది రావాలె!"

అలా ఐదూళ్లు తిరిగాడు. శుక్రవారం ఐదూళ్లూ వచ్చాయి. బిర్యానీ రెండుసార్లు వండారు, మూడోసారి అన్నం, పచ్చిపులుసుతో గట్టెక్కారు. వడ్డించి వడ్డించి, చివరికి నేనూ భాయ్ ఉల్లిగడ్డ ముక్కలు నంజుకుంటూ మిగిలాం.

"గింత పెద్ద లగ్గం ఈ చుట్టుపక్కల ఎవ్వలకు కాలే తమ్మీ" అని ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "రెండో బిడ్డ లగ్గంకు గుడ తప్పక రావాలె. సాయం మాత్రం చెయ్యకు."

అందుకే సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ మైకుకు ఫ్లాపీ అతికించను. లోకంలో ఫ్లాపీలు కనబడకుండా పోయాక చేసిన ప్రమాణం కాబట్టి, ఇప్పటిదాకా మాట తప్పలేదు.