తుంగ ఎందాక ఉంటే అందాక

మా పెద్దనాయిన పోయాడు. మా ఊరు కేతేపల్లి నుంచి ఆముదాల బండి తోలుకొచ్చిన మనిషి, బండి దిగకుండానే పట్నంలో నాకీ కబురు చెప్పాడు. వాననీళ్లలో నిలబడి తుంగ పీకీ పీకీ చలిజ్వరం తెచ్చుకున్నాడట. అంటే శత్రువు చేతిలోనే పోయాడు. ఆయనకు జీవితమంతా ఉన్న శత్రువు ఆ గడ్డి ఒక్కటే.

నవ్వకండి. మా ఊళ్లో కుంటలోపలి నేలను శికం అంటారు. అది సర్కారుది. పెద్దనాయిన మడి ఆ కుంట అంచునే ఉంది. నీళ్లు ఎక్కినప్పుడల్లా తుంగ కూడా మడిలోకి ఎక్కేది. కొలిచే గొలుసు బరువని కాబోలు, భూముల హద్దులు తేల్చే గిర్దావరు సాహెబు గుర్రం మీది నుంచే చూసి, తుంగ ఎందాక ఉంటే శికం అందాక అని తేల్చేవాడు. అందుకే ఆయన వస్తున్నాడంటే ఊరంతా కోళ్లను దాచేది. మా పెద్దనాయిన తుంగను మాయం చేసేవాడు.

పైపైన పీకితే లాభం లేదు. వేళ్లు బురదలోకి దింపి, అడుగున నల్లటి దుంప దొరికేదాకా తడిమేవాడు. ఒక్కటి మిగిలినా మళ్లీ మొలుస్తుంది. ఆ దుంపకు మంచి సువాసన. ఎంత కడిగినా చేతికి పోయేది కాదు.

"చెయ్యి దేవుని అర్ర లెక్క వాసనొస్తాంది" అని పెద్దమ్మ ఎక్కిరించేది.

"పందులు తవ్వుక తింటయి. సర్కారు చూసే తింటది" అనేవాడాయన.

పట్నంలో ఉర్దూలో చెట్ల చదువు వెలగబెట్టి సెలవులకొచ్చిన నేను, ఒక కాడను వేళ్ల మధ్య తిప్పి గంభీరంగా ప్రకటించాను.

"పెద్దనాయినా, దీని కాడకు మూడంచులున్నయి. గిది అసలు గడ్డే కాదు. వేరే జాతి."

"గట్లనా! మరి గా ముచ్చట గిర్దావరుకు చెప్పు బిడ్డా. నాకు చెప్తె ఏమొస్తది? జర వంగు."

వంగాను. పొద్దు గూకేసరికి నడుము పట్టేసి, నిటారుగా లేవలేకపోయాను. ఆయన పడీ పడీ నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం అదే కడసారి.

నేను ఊరు చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఆయన మంచంలో ఉండగానే తుంగ మోకాలెత్తు లేచింది, గిర్దావరు వచ్చి పోయాడు. మడి నడుమ కొత్త హద్దురాయి పాతారు. దాని సున్నం ఇంకా తెల్లగానే ఉంది. పెద్దమ్మ రాయికి అవతల, నీళ్లలో వంగి తుంగ పీకుతోంది.

"పెద్దమ్మా, గది ఇగ మనది కాదు. ఇటు రా."

"నాకెర్కలేదా కొడుకా? గీడ ఇడిసిపెడితే మనదాంట్లకు రాదా? రాయిని చూసి తుంగ ఆగుతదా?"

తల ఎత్తలేదు. పీకిన తుంగను బురదతో సహా ఆ రాయి మీదనే వేస్తోంది. సున్నం కనబడటం లేదు.