సంతకం అడగని దేశం

కృపకు కోపం వస్తే అరవదు. ఆ సంగతి డాక్టరు దేవేంద్రప్పకు తెలియకపోవడం ఆయన ఖర్మ. 'గారు' అనడానికి నాకు నోరు రాదు, క్షమించాలి.

ఆదోనిలో ఆయన నర్సింగ్ హోంలో ఉన్న నలుగురు నర్సుల్లో నేనూ కృపా ఇద్దరం. కృపది దగ్గర్లోని మాధవరం. వాళ్ళ నాన్న యేసేపు కూలికి పోతాడు. మా జిల్లాలోని కృష్ణగిరి నుంచి హులిగెమ్మ తన కూతుర్ని కాన్పుకు తెచ్చిన రోజు కృపదే డ్యూటీ. బిడ్డ పుట్టాక తల్లికి రక్తం ఆగలేదు. డాక్టరేమో ఎమ్మిగనూరులో ఎవరిదో గృహప్రవేశం భోజనంలో ఉన్నాడు. కృప నా ఎదుటే ఫోను మీద ఫోను చేసింది. ఆయన ఎత్తలేదు. వచ్చేసరికి ఆ పిల్ల ప్రాణం పోయింది.

బంధువులంతా గుమిగూడితే ఆయన, "ఈ సిస్టరు నాకు టయానికి చెప్పలేదు" అన్నాడు. కృప ఫోను తీసి కాల్స్ చూపించబోతే, "అవన్నీ తర్వాత చేసినవి" అన్నాడు. డాక్టరు మాట ముందు నర్సుల మాట ఎవరు వింటారు? హులిగెమ్మ కృప జుట్టు పట్టుకుని, "నా బిడ్డను సంపినావు గదే!" అని చెంప పగలగొట్టింది.

పని మానెయ్యమని నేనే చెప్పాను. "ఇప్పుడు మానేస్తే తప్పు నాదే అంటారు పల్లవక్కా. ఆయన నోటితోనే ఆ యమ్మకు నిజం సెప్పించి పోతా" అంది.

సౌదీలో ఆస్పత్రి టెక్నీషియనుగా ఉన్న కృప పెదనాన్న కొడుకు జోయల్ ఫోనులో ఊరించాడు. "ఈడికి వచ్చేయ్ చెల్లీ. రూము వాళ్ళే ఇస్తారు, జీతంలో పన్ను కోత లేదు, కొన్ని నెలల్లో విమానమెక్కుతావు. కాకుంటే రెండేండ్లు పని చేసినట్టు మీ డాక్టరు లెటరు రాసియ్యాల." కృప వెళ్ళి అడిగితే దేవేంద్రప్ప పళ్ళికిలించాడు. "లెటరు నా చేతిలో ఉంది. యాడికి పోతావో పో, చూస్తా."

రెండో దారి జర్మనీ. అక్కడ చలి, జీతంలో పెద్ద కోత, అన్నిటికీ మించి వాళ్ళ భాష నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. ఏడాదికి పైనే పడుతుంది. కానీ నర్సులను తీసుకునే ఆస్పత్రివాళ్ళు చూసేది చదువు, భాష. దేవేంద్రప్ప లెటరు అక్కర్లేదు. "ఆయన సంతకం అడగని దేశం ఏదో అదే నా దేశం" అని కృప తేల్చేసింది. జనం జీతం చూసి దేశం ఎంచుకుంటారు, ఎవరి కాళ్ళు పట్టుకోనక్కర్లేదో చూసి ఎంచుకున్నది ఇదొక్కతే.

ఏడాది పట్టడం కూడా ఆమెకు కలిసొచ్చింది. ఆ ఏడాదిలో నన్నూ, మిగతా ఇద్దరు నర్సులనూ ఫోనులో జరిగే జర్మన్ క్లాసుల్లో చేర్చింది. నర్సింగ్ హోం నడిచేదే మా నలుగురి మీద. నేర్చుకున్న భాషలో డాక్టరును ఆయన ఎదుటే కమ్మగా తిట్టేవాళ్ళం. "ఏం భాషమ్మా అది?" అంటే, "మలయాళం సార్, నర్సులకు పనికొస్తుందని" అనేవాళ్ళం. ఆయన మెచ్చుకున్నాడు కూడా.

నలుగురం పాసయ్యాం, వీసాలొచ్చాయి, పని మానేస్తున్నామని ఒకే రోజు చెప్పాం. కొత్తవాళ్ళు అంత తొందరగా దొరకరని మర్నాడే ఆయన కారు మాధవరంలో కృప వాళ్ళింటికి వెళ్ళింది. నేను అక్కడే ఉన్నాను. అప్పుడివ్వని లెటరు తీసి కృప ముందు పెట్టాడు. "నువ్వు పోమ్మా, ఆపను. మిగతావాళ్ళను ఉండమని చెప్పు. నీ మాట వింటారు."

కృప ఆ లెటరు ముట్టుకోలేదు. "ముందు హులిగెమ్మకు నిజం సెప్పండి సార్. ఆ మాట అయినాకే నాతో ఇంకో మాట."

బేరం కుదిరిందనుకున్నాడు మహానుభావుడు. మమ్మల్ని కారెక్కించుకుని నేరుగా కృష్ణగిరి తీసుకెళ్ళాడు. వాకిట్లో హులిగెమ్మ చంకలో ఆ కాన్పులో పుట్టిన మనవడున్నాడు. "ఆరోజు ఫోను ఎత్తనిది నేనేనమ్మా. ఈ సిస్టరు తప్పేం లేదు" అన్నాడు, తల దించుకుని. ఆమె లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కృపకిచ్చింది, నాకిచ్చింది. డాక్టరు చెయ్యి చాపాడు. మిగిలిన నీళ్ళు ఆమె ఆయన కళ్ళముందే వాకిట్లో కుమ్మరించి, కృప చెయ్యి తీసి తన చెంపకు ఆనించుకుంది. "నన్ను కొట్టు తల్లీ" అని ఏడ్చింది. కృప కొట్టలేదు, ఆ చెంప తుడిచింది.

తిరుగుదారిలో ఆయన, "చెప్పినా గదా, ఇంక వాళ్ళకు చెప్పు" అన్నాడు.

"వాళ్ళు టికెట్లు తీసుకున్నారు సార్."

"మరి నాకు మాటిచ్చినావు గదా!"

"యాడిచ్చినాను? నిజం సెప్పమన్నాను. నిజం సెప్పినందుకు కూలి అడుగుతాండారా సార్?"

కారు ఆపి, మమ్మల్ని ఎండలో దింపేసి వెళ్ళిపోయాడు. నేను కడుపుబ్బా నవ్వాను. కాస్త జాలి పడదామని చూశాను గానీ, నా వల్ల కాలేదు.

కృప నవ్వలేదు. బస్సు వచ్చే వైపు చూస్తూ, "ఇంక జర్మనీ పోతే నా ఇష్టంతో పోతానక్కా. లేదంటే ఈడనే ఉంటాను. ఇప్పుడు నా మీద మచ్చ లేదు, నన్ను తరిమేవాళ్ళు ఎవరూ లేరు" అంది.