మా అత్తయ్య వారసురాలు

మా వైపు జనానికి ఇంగ్లీషు మాట మీద అంత మోజేమిటో! వారసుడంటే ఆనదు, లీగల్ హెయిర్ అనాలి. మనవడంటే చిన్నతనం, డిసెండెంట్ అనాలి. తెనాలిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే నాకు ఈ రెండింటికీ తేడా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. డిసెండెంట్ అంటే వంశంలో పుట్టినవాడు. హెయిర్ అంటే ఆస్తికి చట్టం ఒప్పుకున్నవాడు, వాడు ఎవరి కడుపున పుట్టినా సరే.

ఆ తేడా చివరికి మా ఇంటి మీదికే వచ్చింది. రేపల్లెలో మా మేనత్త జాకెట్లు కుట్టి, ఆ సంపాదనతోనే ఇల్లు కొనుక్కుంది. మామయ్య పోయాడు, పిల్లల్లేరు. పక్కింట్లో తల్లి పోయిన పసిపిల్లను తెచ్చి పెంచుకుంది. దత్తత తతంగమేదీ జరగలేదు. ఇప్పుడా పిల్లే మిషను తొక్కుతోంది, అత్తయ్యకు మందులూ అదే వేస్తోంది.

పోయిన వేసవిలో అత్తయ్య జారిపడితే చూడ్డానికి వెళ్ళి నేనక్కడే ఉండగా, ఆ సంగతి తెలిసి బాపట్ల నుంచి ఆవిడ మరిది కొడుకు అరటిపళ్ళతో దిగాడు. ఆ మరిదీ ఎప్పుడో పోయాడు. మామయ్య ఉన్నన్నాళ్ళూ వీడు ఆ గుమ్మం తొక్కిన పాపాన పోలేదు.

“ఎంతైనా లీగల్ హెయిర్స్‌మి మేమే కదా పెద్దమ్మా,” అన్నాడు ఇంటి కప్పు వంక చూస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. మండి ఏం లాభం, వాడన్నది నిజమే. పిల్లల్లేని ఆడది వీలునామా రాయకుండా పోతే, సొంత సంపాదనతో కొన్న ఇల్లయినా చట్టప్రకారం మొగుడి తరఫువాళ్ళకే పోతుంది.

వాడు వెళ్ళాక అత్తయ్య నవ్వేసింది. “పిచ్చి సన్నాసి! నాకు తలకొరివి పెట్టేది ఈ పిల్లేనే. కొరివి పెట్టినోళ్ళదే కదా ఇల్లు.”

“కాదత్తయ్యా. ఇది కొరివి పెట్టి వచ్చేసరికి వాడు తాళం వేసుకుంటాడు. వీలునామా రాయి.”

ఆవిడ మొహం మాడింది. “అది రాస్తే ఆయుష్షు తగ్గుద్దంటారే.”

“నీకేం కాదు. రాయకపోతే దీని బతుకు వీధిన పడుతుంది.”

ఆ మాట పనిచేసింది. మర్నాడే ముగ్గురం ఆటోలో దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వెళ్ళాం. లోపల చోటు లేక పిల్ల బయట బెంచీ మీద కూర్చుంది. ఏం రాయాలో నేనే చెప్పుకుంటూ పోయాను, టీచర్ని కదా! రాసింది ఆయన పైకి చదివాడు. “నాకు సంతానము లేనందున...”

“ఆగండి బాబూ,” అంది అత్తయ్య. “ఆ మాట కొట్టెయ్యండి.”

“అందరికీ అలాగే రాస్తామమ్మా. డిసెండెంట్స్ లేరని చెప్పాలి కదండి.”

“ఎందుకు లేరండి? బయట బెంచీ మీద కూర్చుంది, కనపడట్లా?”

ఆయన నా వంక చూశాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆవిడ చెప్పినట్టే రాయమన్నాను. ‘నేను పెంచుకున్న నా కూతురికి’ అని తిరిగి మొదలుపెట్టాడు.

పనంతా అయ్యాక అత్తయ్య బయటికొచ్చి పిల్ల భుజం పట్టుకుంది.

“ఇక ఆ బాపట్లవాడొస్తే అరటిపళ్ళు పుచ్చుకుని పంపించెయ్యవే. ఇల్లు నీది.”