చినరేవులంక ప్రెసిడెంటుగారి బందరు రాయబారం

గోవర్ధనరావు మాస్టారు చినరేవులంక యూనియన్ బోర్డుకి, అంటే ఆనాటి పంచాయతీకి, ప్రెసిడెంటు కావడానికి ఆయన గొప్పతనం కారణం కాదు. 1926లో ఊళ్ళో రెండు పెద్ద కుటుంబాలు ఆ కుర్చీ కోసం కొట్టుకున్నాయి. తనకు దక్కకపోయినా సరే, అవతలివాడికి దక్కకూడదని ఇద్దరి పంతం. చివరికి పెన్షను పుచ్చుకుని ఇంట్లో కూర్చున్న బడిపంతుల్ని, మెతక మనిషి కదా అని తెచ్చి కూర్చోబెట్టారు. చూపించిన చోట సంతకం పెడతాడనుకున్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల లెక్కలు దిద్దినవాడు సంతకానికి ముందు చదువుతాడన్న సంగతి ఎవరికీ తోచలేదు, పాపం.

రోడ్లకు కంకర తోలే కాంట్రాక్టు వైసు ప్రెసిడెంటు వెంకటసుబ్రహ్మణ్యం బావమరిదిది. కంకర కుప్పలు కొలిచి బిల్లు పాసు చేయడం పద్ధతి. కుప్ప అడుగున మట్టి పోసి పైన కంకర పరచడం అంతకన్నా పాత పద్ధతి. మాస్టారు చేతికర్రతో ప్రతి కుప్పనూ పొడిచి చూసేవారు. మట్టి తగిలితే బిల్లు వెనక్కి వెళ్ళేది. ఏడాది తిరిగేసరికి ఆ ఊళ్ళో మొదటిసారిగా వానాకాలంలో చక్రం దిగబడకుండా బండి రేవుదాకా నడిచింది. జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆయనకూ ఆ కుర్చీ మీద ప్రేమ పుట్టింది. మిగిలిన రోడ్లు కూడా పూర్తయ్యేదాకా దిగకూడదని భార్య వేదవతితో అన్నారు.

అలాంటి మనిషిని తిట్టి దింపలేరు. అందుకని పొగిడి పంపారు.

"కృష్ణ మీద మనకి వంతెన కావాలండీ. బందరులో దొరల్ని ఒప్పించాలంటే ఇంగ్లీషొచ్చిన పెద్దమనిషి అక్కడే మకాం వెయ్యాలి. మీరు తప్ప ఇంకెవరున్నారండీ?" అన్నాడు వెంకటసుబ్రహ్మణ్యం మీటింగులో.

అందరూ చేతులెత్తారు. మాస్టారి మెడలో దండ పడింది. దండ పడ్డాక కాదనగలిగిన మనిషి మన వైపు ఇంకా పుట్టలేదు.

పడవ దాటి బందరు చేరి, సత్యవతమ్మ పూటకూళ్ళ ఇంట్లో గది తీసుకున్నారు. రోజూ కోటు తొడుక్కుని, తలపాగా చుట్టుకుని కలెక్టరు కచేరీకి వెళ్ళడం, వరండాలో పడిగాపులు పడడం, రేపు రమ్మనిపించుకుని తిరిగి రావడం. "పరిస్థితులు ఆశాజనకముగా నున్నవి" అని వారం వారం బోర్డుకు రాసేవారు. నిజానికి ఆశాజనకంగా ఉన్నది సత్యవతమ్మ చేసే గోంగూర పచ్చడి ఒక్కటే. బోర్డువాళ్ళు ఆ ఉత్తరాలు పైకి చదివి, ధన్యవాద తీర్మానం చేసి, కంకర బిల్లులు పాసు చేసుకునేవారు.

రెండు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం సత్యవతమ్మ ఆయన విస్తట్లో మజ్జిగ పోస్తూ, "ఇంకా వంతెన పనేనాండీ పంతులుగారూ?" అంది.

"అవునమ్మా. ఏం?"

"మీకు ముందు ఇదే గదిలో వేరే ఊళ్ళ ప్రెసిడెంట్లు ఇద్దరున్నారండీ. ఒకాయన కాలవ పని మీద, ఇంకొకాయన రైలు పని మీద. ఇద్దరూ మంచివాళ్ళే. మంచివాళ్ళనేనండీ ఇక్కడికి పంపేది. తిరిగెళ్ళేసరికి వాళ్ళ కుర్చీల్లో వేరేవాళ్ళున్నారట."

మాస్టారి చేతిలో ముద్ద ఆగిపోయింది. వరసగా మూడు మీటింగులకు రాని సభ్యుడి పదవి, ప్రెసిడెంటైనా సరే, దానంతటదే పోతుంది. ఆ రూలు బోర్డులో అందరికీ చదివి వినిపించింది ఆయనే. రెండు మీటింగులు అయిపోయాయి. మూడోది గురువారం నాలుగు గంటలకి.

చెప్పకుండా వెళ్ళి కూర్చుంటే సరిపోయేది. కానీ మాస్టారు పద్ధతి గల మనిషి. "గురువారము మీటింగునకు హాజరగుచున్నాను" అని ముందుగా కార్డు రాసి పోస్టులో వేశారు.

గురువారం రెండు గంటలకు పడవ రేవుకు ఆనేసరికి ఊరంతా ఒడ్డున ఉంది. ప్రెసిడెంటుగారు వంతెన సాధించుకుని వస్తున్నారని వెంకటసుబ్రహ్మణ్యం ముందురోజే టముకు వేయించాడు. సన్నాయి, డోలు, పూలు కట్టిన ఎడ్లబండి. "వంతెన రాలేదయ్యా! మీటింగుంది, వెళ్ళనివ్వండి!" అని మాస్టారు అరిచారు. డోలు మోతలో ఎవరికి వినిపిస్తుంది?

బండి ప్రతి వీధిలోనూ ఆగింది. గుమ్మం ముందు ఇల్లాలు హారతి పళ్ళెంతో నిలబడితే దాటిపోవడం ఏ పెద్దమనిషికి చేతనవుతుంది? చివరి వీధిలో మహాలక్ష్మమ్మ అనే ముసలావిడ ఎదురొచ్చింది.

"మా కోడలికి నొప్పులొస్తే మీ రోడ్డు మీదే రేవుకి తీసుకెళ్ళాం బాబూ. పడవ దొరికేసరికి ఆలీసమైపోయింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు వంతెన కూడా తెచ్చారట గదా," అని కళ్ళు తుడుచుకుంది.

ఆవిడ ఏ కుట్రలోనూ లేదు. ఆ జనంలో ఎవరూ లేరు. వాళ్ళకు ఆయనంటే నిజంగానే ప్రేమ. దూరంగా బోర్డు ఆఫీసు గంట నాలుగు కొట్టింది. దిగి పరుగెత్తుదామనుకున్నారు మాస్టారు. అంతలో ముసలావిడ బొట్టు పెట్టడానికి చెయ్యి చాపింది. ఆయన తల వంచారు.

ఆఫీసు చేరేసరికి అయిదయింది. మినిట్సు పుస్తకంలో సంతకాల సిరా అప్పటికే ఆరిపోయింది. వెంకటసుబ్రహ్మణ్యం ఎదురొచ్చి అందరికన్నా పెద్ద దండ వేశాడు.

"రూలు మీకు తెలియంది కాదు గదండీ. అయినా మిమ్మల్ని వదులుకుంటామా? బందరులో మన శాశ్వత ప్రతినిధి మీరేనని ఏకగ్రీవంగా తీర్మానించాం. రెండు మాటలు చెప్పండి."

"సభ్యుడు కానివాడు మీటింగులో మాట్లాడకూడదు," అని మాస్టారు బయటికి వచ్చేశారు.

ఇంటికి వచ్చి ఏడ్చారు. వేదవతి ఆయన మెడలో దండలు తీసింది. "మళ్ళీ బందరు వెళ్తారా ఏమిటి?" అని అడిగింది.

"వెళ్తాను. రేపే."

"ఇంత జరిగాకానా? ఎందుకండీ?"

"మహాలక్ష్మమ్మ వంతెన వచ్చిందనుకుని నాకు బొట్టు పెట్టింది," అన్నారు మాస్టారు. "రాలేదని చెప్పలేకపోయాను."