అల్వాల్‌లో సముద్రపు గుర్రాలు

ఎలీషమ్మ పుట్టింది లాల్‌గడి మలక్‌పేట్‌లో, కోడలిగా వచ్చింది అల్వాల్‌కు. పెళ్లయిన కొత్తలోనే మేడ్చల్‌లో ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసింది. ఎంతమంది పసివాళ్లకు మొదటి స్నానం పోసిందో ఆమెకే తెలియదు. రైల్లో ఎవరో ఒక తల్లి ఎదురై, పక్కనున్న పిల్లాడితో "నువ్వు పుట్టినప్పుడు నిన్ను మొదలు ఎత్తుకున్నది గీ అవ్వనే" అని చెబితే, ఆ రోజంతా ఆమెకు కడుపు నిండినట్టుండేది.

అలాంటి మనిషికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట్లో టీ గ్లాసు పట్టుకున్నప్పుడే వణికేది. పోను పోను పసిపిల్ల తల కింద అరచెయ్యి పెట్టినప్పుడూ వణికింది. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ప్రాణానికేమీ భయం లేదని, కానీ ఇక పిల్లల్ని ఎత్తుకోవద్దని చెప్పింది. ఆసుపత్రి వాళ్లు శాలువా కప్పి మర్యాదగానే సాగనంపారు. ఇంటికొచ్చిన ఎలీషమ్మ ఆ చేతిని కొంగు కింద దాచుకోవడం అలవాటు చేసుకుంది. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర చేతికిచ్చే ద్రాక్షారసం ఎక్కడ ఒలుకుతుందోనని వెనక వరుసలోకి మారింది.

భర్త సాలోమోను చనిపోయి చాలా ఏళ్లయింది. కూతురు క్రిస్టీనా, అల్లుడు శాంసన్ ఆమె దగ్గరే ఉంటారు. క్రిస్టీనా బడిలో టీచరు. శాంసన్ బండి మీద ఇల్లిల్లూ తిరిగి అక్వేరియంలు శుభ్రం చేసి వస్తాడు. కొంపల్లి విల్లాల్లోనే అతనికి పని ఎక్కువ. అక్కడ ఒకాయన బెంగళూరుకు మారిపోతూ తన ఉప్పునీటి తొట్టిని, అందులో ఉన్న సముద్రపు గుర్రాల జతను శాంసన్‌కు ఇచ్చేశాడు. మన సముద్రాల్లో పట్టినవాటిని ఉంచుకుంటే నేరం. ఇవి బయటి దేశపు రకం, తొట్టిలోనే పుట్టి పెరిగినవి. అనుమతి కాగితాలు తన పేరు మీదికి మారాకే శాంసన్ వాటిని ఇంటికి తెచ్చాడు.

"ఏంది బిడ్డా గిది? చేపనా, పురుగా?" అని అద్దానికి మొహం ఆనించి అడిగింది ఎలీషమ్మ.

"చేపనే అత్తమ్మా. గుర్రం మొకం, కోతి తోక వచ్చినయ్, గంతే."

వేలెడంత ఉన్నాయవి. పసుపుది ఆడది, నల్లది మగది. ఈదడం సరిగా రాదు. నీటి ఒరవడికి కొట్టుకుపోకుండా ప్లాస్టిక్ మొక్కలకు తోక చుట్టి నిలబడ్డాయి. ఎలీషమ్మకు అవి చూడముచ్చటగా అనిపించాయి.

వచ్చిన దగ్గర నుంచీ అవి తిండి ముట్టలేదు. వాటికి పెట్టేది గడ్డకట్టించిన సన్న రొయ్యలు. కరిగించి, కడిగి, పొడుగాటి డ్రాపరుతో ముందుకు వదలాలి. వాటికి మనలాగా తిన్నది దాచుకునే కడుపు ఉండదు కాబట్టి కొంచెం కొంచెంగా పదేపదే పెట్టాలి. శాంసన్ వదిలిన రొయ్యలు వాటి మూతి ముందునుంచే జారి అడుగున పడేవి. అవి ఒక కంటితో చూసి ఊరుకునేవి. మిగిలినది కుళ్లి నీళ్లు పాడవకుండా అతను మళ్లీ గొట్టంతో తీసేసేవాడు.

"గట్లనే ఉంటే బతకయి" అన్నాడు ఒక పొద్దున, బండి తాళాలు తీసుకుంటూ. "అత్తమ్మా, నేను వచ్చేదాంక జర నువ్వు పెట్టి చూడరాదూ?"

"నా చెయ్యితోనా?"

"ఆ చెయ్యికేమైంది?"

ఆమె కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నల్లగుర్రం మొక్కకు వేలాడుతూ తల వాల్చేసింది. బరువు తక్కువ పుట్టిన పిల్లలు పాలు తాగడం మానేసినప్పుడు ఎలా ఉంటారో ఎలీషమ్మకు తెలుసు. ఇక చూస్తూ కూర్చోలేకపోయింది. కొంగు కింద నుంచి చెయ్యి తీసి డ్రాపరు అందుకుంది. రొయ్యను వదలబోతే అది డ్రాపరు మొనకే అంటుకుపోయింది. చెయ్యి వణుకుతోంది. చెయ్యితోపాటు డ్రాపరు, డ్రాపరుతోపాటు రొయ్య, అన్నీ నీళ్లలో వణుకుతున్నాయి. ఆపాలని ఎడమచెయ్యి ఆసరా పెట్టబోయేలోపే నల్లగుర్రం కన్ను గిర్రున తిరిగింది. తోక వదిలింది. మెల్లగా మెడ చాచింది. "టక్"మని చిన్న చప్పుడు. రొయ్య మాయమైంది.

ఎలీషమ్మ తన చేతి వంక చూసుకుంది. ఇంకో రొయ్య పెట్టింది. మళ్లీ టక్.

సాయంత్రం శాంసన్ నమ్మలేదు. "ఏదీ, నా ముంగట పెట్టు" అన్నాడు. కూతురూ అల్లుడూ చూస్తుండగా ఆమె ఆ చెయ్యి బయటికి తీయడం అదే మొదలు. ఈసారి పసుపుది కూడా వచ్చి తిన్నది.

శాంసన్ నవ్వాడు. "ఇగ సమజైంది. చచ్చిన రొయ్య కదలదు గద, అవి ముట్టయి. నీ చెయ్యిల పడితే బతికినట్టు ఆడుతాంది. నా చెయ్యి నిలకడగ ఉన్నది, గందుకే నా తాన తినలే."

క్రిస్టీనా తువ్వాలు తెచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని తుడిచింది.

ఆనాటి నుంచి తిండిపెట్టే పని ఎలీషమ్మదే అయింది. ఎండలు ముదిరేసరికి నీళ్లు వేడెక్కకుండా తొట్టి పైన చిన్న ఫ్యాను పెట్టించింది. కరెంటు పోతే ఫ్రిజ్‌లోని ఐస్ సీసాను నీళ్లలో తేలవేసేది. పొద్దున్నే రెండు గుర్రాలూ తోకలు పెనవేసుకుని తొట్టంతా తిరుగుతుంటే టీ చల్లారిపోయేదాకా చూసేది.

ఒకనాడు ఆమె కేకకు శాంసన్ పళ్లు తోముకుంటూనే పరుగెత్తుకొచ్చాడు.

"గీ మొగోనికి కడుపొచ్చింది!"

"గీ జాతిల మొగోడే మోస్తడు అత్తమ్మా. ఆడది గుడ్లు తెచ్చి వాని సంచిల పెడ్తది."

ఎలీషమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఆసుపత్రిల గీ ముచ్చట తెల్వనియ్యకు. ఆడోళ్లందరు మొగుళ్ల మీద పడ్తరు."

రెండు వారాల తర్వాత, ఒకరోజు తెల్లవారగానే కాన్పు మొదలైంది. నల్లగుర్రం ముందుకు వంగుతోంది, వెనక్కి విరుచుకుంటోంది. ఎలీషమ్మ అద్దం మీద చెయ్యి వేసి, "ఇగ జరసేపే. నూకు నాయినా, నూకు" అంది, ఆసుపత్రిలో అన్నట్టే. సంచి మూతి తెరుచుకుని కనురెప్ప వెంట్రుకలంత పిల్లలు గుంపులు గుంపులుగా బయటికి చిమ్మాయి.

వారం తిరగకుండా అన్నీ చనిపోయాయి. నీళ్ల పైకి వచ్చి గాలి మింగి, కిందికి దిగలేక, తిండి అందక పోయాయి. ఎలీషమ్మ అన్నం సరిగా తినలేదు.

"చేపలమ్మా అవి" అంది క్రిస్టీనా.

"తెల్సు బిడ్డా." లేచి శాంసన్‌ను పిలిచింది. "మనం ఏం తప్పు జేసినమో ఎవలన్న తెలిసినోళ్లను అడుగు. వాడు మల్ల కంటడు."

చెన్నైలో ఇవే పెంచే ఒకాయనకు శాంసన్ ఫోన్ చేశాడు. ఆయన చెప్పినట్టు గుండ్రటి గాజు జాడీ తెచ్చి, పిల్లలు పైన ఆగిపోకుండా నీళ్లు సుడి తిరిగేలా సన్నటి గొట్టంతో గాలి వదిలాడు. జాడీ పైభాగానికి నల్లకాగితం చుట్టి, వెలుతురు కింది నుంచి వచ్చేలా చేశాడు. పిల్లలు వెలుతురు వైపే దిగుతాయట. వాటికి బతికున్న తిండి కావాలి. కోసిన కూల్‌డ్రింక్ సీసాను తలకిందులుగా కట్టి, ఉప్పునీళ్లలో రొయ్యజాతి గుడ్లు పొదిగించడం ఎలీషమ్మ నేర్చుకుంది. మొదటిసారి పొదిగిన పిల్లరొయ్యల్లో గుడ్ల పెంకులు కలిసిపోయి అంతా పారబోయాల్సి వచ్చింది. రెండోసారి కుదిరింది.

నల్లగుర్రం మళ్లీ కన్నది. ఈసారి కూడా చాలా పోయాయి. కానీ గుప్పెడు నిలబడ్డాయి. గుప్పెడు గుర్రాలు ఒకదాని తోకకు ఒకటి తోక చుట్టుకుని జాడీలో గింగిరాలు తిరుగుతుంటే, పక్కింటి రుఖియా తన ఇంటికొచ్చిన చుట్టాలందరినీ తీసుకొచ్చి చూపించింది. కాస్త ఎదిగాక గడ్డకట్టిన రొయ్యలు అలవాటు చేయాల్సి వచ్చినప్పుడు, అవి మొదట తిన్నది ఎలీషమ్మ చేతినుంచే.

మొన్న లాల్‌గడి మలక్‌పేట్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. కొత్త ఇల్లు కట్టుకున్నాడు, అందులో చేరేముందు ప్రార్థన పెట్టుకున్నాడు. "అక్కా, వచ్చి నాల్గు దినాలుండి పో" అన్నాడు.

ఎలీషమ్మ ఫోన్‌ను భుజానికి ఆనించుకుని, జాడీలో డ్రాపరు ఆడిస్తూనే, "ప్రార్థన దినం వచ్చి సాయంత్రానికి మర్లుత తమ్మీ. ఉండుడైతె కాదు. ఇంట్ల పసిపిల్లలున్నరు" అంది.