గాలోడు

వీధిలో అందరూ అతన్ని గాలోడంటారు. ఆ మాటకి రెండర్థాలున్నాయని అతనికీ తెలుసు. వారమంతా ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, సెలవు దొరికితే పారాచూట్ కట్టుకుని విమానంలోంచి దూకుతాడు. ఆకాశంలో రెండు చేతులూ బార్లా చాపుకుని పడే మనిషికి, నేలమీద ఒక్క చెయ్యి చాచాలంటే ప్రాణం పోతుంది. ఈ ఏడాది పెద్ద పోటీకి పిలుపొచ్చింది, ఖర్చు భరించే స్పాన్సరే దొరకలేదు. "మీ కొట్టు పేరు నా పారాచూట్ మీద రాయిస్తానండీ" అని అద్దం ముందు వల్లెవేసుకుని పరుపుల కొట్టుకి వెళ్ళాడు. "ఏం కావాలి బాబూ?" అన్నాడు కొట్టాయన. గాలోడి చూపు ఆయన వెనకున్న దిండ్ల మీదికి జారింది. "దిండు," అన్నాడు. పోయిన నెలా ఇంతే, అంతకుముందూ ఇంతే. "నీలాంటివాళ్ళు నలుగురుంటే చాలయ్యా, మా కొట్టు నిలబడిపోతుంది!" అంటూ ఆయన మెత్తటిది ఏరి ఇచ్చాడు. గాలోడు తలొంచుకుని, చెయ్యి చాచి అందుకున్నాడు. దాన్ని చంకలో ఇరికించుకుని, తెలిసినవాళ్ళు ఎదురుపడకుండా సందుల్లోంచి ఇల్లు చేరాడు. తలుపు తీసిన భార్య దిండుకేసి చూసింది. అడిగావా అని కూడా అడగలేదు. గలీబు వెతకడానికి లోపలికి వెళ్ళింది.