అరచేతి తూకం

మా సీనియర్ అనగానే నాకు ముందు ఆయన చెయ్యే గుర్తొస్తుంది. భీమవరం హాస్టల్లో మేం తలో పాత్రై, పాచికలేసి ఆడే కథలాటని ఆయనే నడిపేవాడు. ఆటలో ఏ మాయవస్తువు కల్పించి అడిగినా, ఖాళీ అరచేతిని పైకీ కిందకీ ఆడించి, ఇన్ని బంగారు నాణేలని ధర చెప్పేవాడు. చేపల బజార్లో రొయ్యలు చేత్తో తూచి అమ్మే వాళ్ళమ్మ చెయ్యీ అలాగే ఆడేది.

ఆవిడ పోయాక, ఆయన మళ్ళీ ఆడించిన మొదటి రోజు, సంగతి తెలియని కొత్తవాడొకడు అడిగాడు.

"అన్నయ్యా, చనిపోయినవాళ్ళని గంటసేపు తిరిగి తెచ్చే దీపం ఎంత?"

ఆయన చెయ్యి లేచింది. చాలాసేపు తూచాడు.

"నీ దగ్గరున్నదంతా."

"అంతా ఇచ్చేస్తే తర్వాత ఎలా ఆడాలన్నయ్యా?"

"ఆ గంట అయ్యాక ఇంక ఆడబుద్ధి కాదులే తమ్ముడూ," అన్నాడు, చెయ్యి దించకుండానే.